మెట్టు ఎక్కడుందో ముందే చెప్పే ఊరు

కలువాయిలో ఒక మామ, ఒక మేనకోడలు. ఇద్దరూ ఈ వాదన కోసం నేను కల్పించిన మనుషులే. కానీ వాళ్లు ఆడే మాటలు ఆ చుట్టుపక్కల ఏ అరుగు మీదైనా వినిపించేవే. మామ ఆత్మకూరు డిపోలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. కోడలికి వెన్ను దెబ్బతిని కాళ్లు పనిచేయవు. బ్యాంకు ఉద్యోగం, సొంత జీతం, చక్రాల కుర్చీ. యూరప్‌లో ఏదో ఒక ఊరికి నాలుగైదు రోజులు పోయి రావాలని ఆమె పట్టు, పోనివ్వకూడదని ఆయన పట్టు. అసలు ఎందుకు పోవాలని మాత్రం ఆయన అడగలేదు. జీవితమంతా టికెట్లు కోసినవాడికి, జనం పని లేకపోయినా బస్సెక్కుతారని తెలుసు.

మామ: ఏడు దేశాలు, పది రోజులు అని నెల్లూరులో ఫ్లెక్సీలు కట్టుండారు పాపా. ఇడ్లీ సాంబారు కూడా వాళ్లే పెడతారంట. నువ్వేమో ఒక్క ఊరంటావు. అంత ఖర్చు పెట్టి, అంత దూరం పోయి, ఒక్క ఊరు చూసొస్తావా?

కోడలు: ఏడు దేశాలంటే నాకు ఏడు బాత్‌రూములు మామా. ఏడు మంచాలు, ఏడు తలుపులు. మంచం ఎత్తు నా కుర్చీకి సరిపోవాలి. తలుపులో కుర్చీ పట్టాలి. కమోడ్ పక్కన కుర్చీ నిలిపే జాగా ఉండాలి. ఒక్క హోటల్లో మొదటి రాత్రి ఈ కుస్తీ పడితే మిగతా రోజులు హాయిగా తిరగొచ్చు. ప్యాకేజీలో రోజూ మొదటి రాత్రే. పైగా ఆ టూరు బస్సులు చూశావా? కింద సామాన్ల అర, పైన సీట్లు, మధ్యలో నిలువు మెట్లు.

మామ: బస్సు సంగతి నాకు చెప్తావా? ఎక్కించడానికి మనుషులుండరా? ఇద్దరు పట్టుకుంటే సరి.

కోడలు: ఆ ఇద్దరి దగ్గరే ఉంది మన గొడవంతా. అక్కడికి వద్దాం, ఆగు.

మామ: సరే, ఒక్క ఊరే. పారిసేనా?

కోడలు: పారిస్‌ని మొదట్లోనే కొట్టేశాను. వాళ్ల మెట్రో 1900లో మొదలైంది, పాత స్టేషన్లన్నీ మెట్లే. 1998లో తెరిచిన 14వ లైను ఒక్కటే మొదటి నుంచీ లిఫ్టులతో కట్టింది. ఐఫిల్ టవర్‌కి పోతే నన్ను రెండో అంతస్తు దాకానే పంపుతారు, చిట్టచివరికి వీల్‌చైర్ పోనివ్వరు. మంచీ ఉంది. బస్సులకు, ట్రాములకు రాంపులున్నాయి. లూవ్ర్ మ్యూజియంలో నాకూ, నా వెంట వచ్చే తోడుకూ టికెట్ లేదు. మరోసారి పోతానేమో, మొదటిసారికి మాత్రం కాదు.

మామ: అంత పెద్ద దేశానికి చట్టం లేదా?

కోడలు: ఉంది. 2005లో చేశారు. పదేళ్లలో జనం వచ్చే ప్రతి చోటుకీ దారి వేయాలన్నారు. 2015 వచ్చేలోపే గడువు పొడిగించుకున్నారు. పాత మెట్రోనైతే ఆ లెక్కలో నుంచే తప్పించారు. స్విట్జర్లాండ్ వాళ్లు ఇంకా నిదానం. 2004లో అమల్లోకి వచ్చిన చట్టం రైల్వే స్టేషన్లకు ఇరవై ఏళ్లు గడువిచ్చింది. 2023 ఆఖరుకి గడువు తీరింది, వందల స్టేషన్లు మిగిలిపోయాయి.

మామ: నువ్వు నా వైపు వాదిస్తుండావే! మన తెలుగు సినిమా పాటలన్నీ తీసేది ఆ స్విట్జర్లాండ్‌లోనే గదా. అక్కడే దిక్కు లేకపోతే ఇంక యాడికి పోతావు?

కోడలు: పాటల్లో హీరోయిన్ మంచులో పరిగెత్తుతుంది, ప్లాట్‌ఫారం మీద రైలు కోసం నిలబడదు కదా. యూరప్ అంటే ఒక స్వర్గం అని నేనెప్పుడన్నాను? వెనిస్ సంగతి విను. అక్కడ కాలవల మీద నాలుగు వందల దాకా వంతెనలు, దాదాపు అన్నిటికీ మెట్లే. అవి పాతకాలం నాటివి, సరే. 2008లో కలత్రావా అనే పేరుమోసిన ఆర్కిటెక్ట్ చేత కొత్త వంతెన కట్టించారు. దానికీ మెట్లే పెట్టాడు. జనం తిడితే 2013లో పక్కన ఒక గుడ్డు ఆకారం డబ్బా వేలాడదీశారు, వీల్‌చైర్ దాంట్లో దాటేట్టు. దానికి 18 లక్షల యూరోల దాకా అయింది. అది నత్తనడక నడిచేది, ఎండకి లోపల ఉడికిపోయేది, ఊరికే మొరాయించేది. 2020లో పీకేశారు.

మామ: (నవ్వి) మన కాంట్రాక్టర్లు అక్కడికీ పోయుండారా ఏంది? చూశావా మరి, ఆ తెల్లోళ్ల దగ్గరా ఇదే కథ. దానికోసం చెన్నై పోయి, విమానమెక్కి, అంత దూరం పోవాలా? తిప్పలేవో ఇక్కడే పడొచ్చుగా.

కోడలు: ఈ కథ నాకెట్టా తెలిసింది మామా? కలువాయిలో కూర్చుని, వెనిస్‌లో ఏ వంతెన నన్ను దాటనివ్వదో చెప్పగలుగుతున్నా. ఆత్మకూరులో కొత్తగా కట్టిన ఏదైనా ఆఫీసుకి రాంపు ఉందో లేదో ఇక్కడి నుంచి చెప్పగలనా? పోయి చూడాలి. పోయాక తెలుస్తుంది. మళ్లీ వెనక్కి రావాలి.

(మామ దీనికి వెంటనే జవాబు చెప్పలేకపోయాడు. నేనైతే ఇక్కడ ఒక మాట కలుపుతాను. మనవాళ్లు ఫోన్లో అడిగితే ‘మెట్లేం లేవండీ, ఒక్క మెట్టే’ అంటారు. ఆ ఒక్క మెట్టు వాళ్ల లెక్కలో మెట్టు కాదు. అబద్ధమాడాలని కాదు, వాళ్ల కాలికి అది ఎప్పుడూ తగల్లేదంతే.)

కోడలు: నేను ఊరిని ఎంచుకునే పద్ధతి అదే. చూడదగ్గవి ఎన్ని ఉన్నాయని కాదు, తన లోపాలు ముందే రాసిపెట్టిందా అని చూస్తాను. బెర్లిన్‌లో ఏ స్టేషన్‌లో ఏ లిఫ్టు ఇవాళ చెడిపోయిందో చూపించడానికే ‘బ్రోకెన్ లిఫ్ట్స్’ అని ఒక వెబ్‌సైట్ ఉంది. అదే ఊళ్లో 2010లో ‘వీల్‌మ్యాప్’ అని ఒక మ్యాపు మొదలుపెట్టారు. దాంట్లో ఏ హోటలు, ఏ కాఫీ కొట్టు, ఏ మందుల షాపులోకి కుర్చీ పోతుందో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో జనమే గుర్తు పెడతారు. ఎరుపు చూస్తే నాకు కోపం రాదు, ధైర్యం వస్తుంది. ఎవరో పోయి చూసి మరీ చెప్పారన్నమాట.

మామ: అయితే బెర్లినా?

కోడలు: బెర్లిన్, వియన్నా, ఈ రెండింటి మధ్య ఊగాను. వియన్నానే ఖాయం చేసుకున్నాను. భూగర్భ రైలు స్టేషన్లన్నిటికీ లిఫ్టులున్నాయి. ట్రాముల్లో పాతవాటికి మెట్లున్నా, కొత్తవి దాదాపు నేలకి ఆనుకుని ఉంటాయి. వచ్చే ట్రాము ఎక్కదగిందో కాదో స్టాపులో బోర్డు మీద చక్రాల కుర్చీ గుర్తు చెప్తుంది. యూరోపియన్ కమిషన్ ఏటా ఇట్టాంటి ఊళ్లకి ఒక అవార్డు ఇస్తుంది. మొదటిది 2011లో స్పెయిన్‌లోని ఆవిలాకి ఇచ్చారు. 2025ది వియన్నాకి వచ్చింది.

మామ: అవార్డులు మనకీ ఇస్తారులే. అవార్డొచ్చిందని ఫ్లెక్సీ కట్టినంత మాత్రాన మరుగుదొడ్డి తలుపుకి గడియ పడుద్దా?

కోడలు: పడదు. అందుకే మరుగుదొడ్డి సంగతే ముందు చెప్తాను విను, నీకు సిగ్గయినా సరే. నువ్వు ఇన్నేళ్లు బస్సులో తిరిగావు. ఎక్కడో ఒక చోట ఆపించి చెట్టు చాటుకి పోయేవాడివి. నేను నెల్లూరు పోవాలంటే పొద్దున్నుంచీ నీళ్లు తాగను. మే నెలలో, ఆ ఎండలో తాగను. ఎందుకంటే దారిలో నా కుర్చీ పట్టే దొడ్డి ఎక్కడుందో నాకు తెలియదు. నీళ్లు తాగకపోతే యూరిన్ ఇన్ఫెక్షన్, దానికి యాంటీబయాటిక్స్. వెన్ను దెబ్బతిన్నవాళ్లకి ఇది చిన్న జబ్బు కాదు మామా, కిడ్నీల దాకా పోతుంది. కలువాయి నుంచి నెల్లూరుకి ఇంత లెక్క ఉంటే యూరప్‌కి ఎంతుంటుందో ఆలోచించు.

మామ: అదే నేను చెప్పేది! ఇక్కడే అంతైతే...

కోడలు: అక్కడ తక్కువ. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ దేశాల్లో ‘యూరో కీ’ అని ఒక తాళంచెవి ఉంది. 1986 నుంచీ జర్మనీలో డార్మ్‌స్టాట్ అనే ఊళ్లోని వికలాంగుల సంఘం ఇస్తోంది. రోడ్డు పక్కన, రైల్వే స్టేషన్లలో, టౌన్ హాళ్లలో వీల్‌చైర్ కోసం కట్టిన దొడ్లు వేలల్లో ఉన్నాయి, అన్నిటికీ అదే తాళం. సర్టిఫికెట్ చూపించి డబ్బు కడితే ఇస్తారు. తాళం ఎందుకంటే, వేయకపోతే అందరూ వాడి పాడుచేస్తారని. మనుషులు అక్కడా మనుషులే. ఆ తాళంచెవి నా చేతిలో ఉంటే నేను నీళ్లు తాగుతాను. నా యూరప్ ప్రయాణంలో పెద్ద సుఖం ఏదంటే అదే అనుకో, ప్యాలెస్‌లు తర్వాత.

మామ: (కాసేపాగి) విమానంలో?

కోడలు: విమానమే కష్టం. చెన్నై నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, అక్కడ మారి వియన్నా. విమానం తలుపు దాకా నా కుర్చీలో పోతాను. అక్కడి నుంచి సీటు దాకా సన్నటి కుర్చీలో తోస్తారు. లోపల బాత్‌రూము నీ టికెట్ల పెట్టె పట్టేంత ఉంటుంది. దానికి నా ఏర్పాట్లు నాకున్నాయి, నీకు చెప్పను. యూరప్ వాళ్లది 2006 నాటి 1107వ నంబరు నియమం ఒకటుంది. సాయం కావాలని 48 గంటల ముందు చెప్తే ఉచితంగా చేయాలి, కుర్చీకి లగేజీ చార్జీ వేయకూడదు. యూరప్ కంపెనీ విమానమైతే చెన్నై నుంచి యూరప్ పోయేటప్పుడు కూడా ఆ నియమం వర్తిస్తుంది. అందుకే టికెట్ వెల ఒక్కటే చూడను, ఎవరి విమానమో కూడా చూస్తాను.

మామ: కుర్చీ విరగ్గొడితే? సామాన్లు విసిరేది ఫోన్లో చూశాలే.

కోడలు: అది నాకున్న పెద్ద భయం. విమాన ప్రయాణాల మాంట్రియల్ ఒప్పందంలో నా కుర్చీ కూడా ఒక పెట్టె కిందే లెక్క. పోయినా విరిగినా ఇప్పుడు 1,519 ఎస్‌డీఆర్‌లు దాటి ఇవ్వనక్కర్లేదు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి వాళ్ల లెక్క. అయితే చెక్-ఇన్ దగ్గరే కుర్చీ విలువ ఇంత అని రాసి, వాళ్లు అడిగితే అదనంగా కొంత కడితే, ఆ విలువ దాకా ఇవ్వాలి. ఈ సంగతి ఎవరూ మనకి చెప్పరు. నేను కాగితం ముందే రాసుకుపోతాను. నాలుగు వైపులా ఫోటోలు తీసుకుంటాను. కుషన్, పక్క రెక్కలు పీకి చేతిలో పట్టుకుంటాను.

మామ: ఆ మోటారు బండి?

కోడలు: మద్రాసు ఐఐటీ నుంచి వచ్చిన నియోమోషన్ వాళ్లది, కుర్చీకి ముందు తగిలించే నియోబోల్ట్. అది ఇంట్లోనే. విప్పి చేతిలో తీసుకుపోయే లిథియం బ్యాటరీ 300 వాట్-అవర్లు దాటకూడదు, రెండుంటే ఒక్కోటి 160 దాటకూడదు. ఆ లెక్కలతో ప్రతి ఎయిర్‌పోర్టులో వాదనకి దిగే ఓపిక నాకు లేదు. చేతులతో తోసుకునే కుర్చీయే తీసుకుపోతాను. అందుకే రోమ్ కూడా వద్దనుకున్నాను. కొలోసియంలో లిఫ్టు ఉంది కానీ, ఆ ఊరి వీధుల్లో పరిచిన నల్లరాతి దిమ్మెల మధ్య ముందు చక్రం ఇరుక్కుంటే మనిషి ముందుకి బోర్లా పడాల్సిందే.

మామ: పడితే ఎవరు లేపుతారు? అక్కడికే వస్తుండా. ఇందాక నువ్వు దాటేసిన మాట. మన ఊళ్లో రాంపు లేదు, ఒప్పుకుంటా. కానీ మనుషులుండారు. పెంచలకోనలో నిన్ను నరసింహస్వామి ముందు దాకా ఎత్తుకుపోయింది ఎవరు? పేరు కూడా తెలియని పిల్లకాయలు నలుగురు. ఎవరూ పిలవలేదు, ఎవరూ డబ్బులడగలేదు. నీ వియన్నాలో లిఫ్టు ఆగిపోతే అక్కడి ఉద్యోగి నిన్ను ముట్టుకోను కూడా ముట్టుకోడు, రూలు లేదంటాడు. ఫోను చేసి కూర్చోబెడతాడు. రూలుండే చోట మనిషి ఉండడు పాపా.

కోడలు: ఆ నలుగురికీ దండం. వాళ్లు మంచివాళ్లు కాదని నేననలేదు. కానీ నలుగురు మోసేది పాడె మీద మామా. బతికుండగా ఎందుకు? ఒకడు చంకల కింద చెయ్యేశాడు, ఒకడు తొడల కింద. నా చీర ఎక్కడుందో నాకు తెలియదు. స్పర్శ లేదు కదా, ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో చూసుకుంటే తప్ప తెలియదు. స్వామి ముందు దించారు, నేను దండం పెట్టుకోలేదు, చీర సర్దుకున్నాను. దిగేటప్పుడు మళ్లీ అదే. రెండోసారి కోనకి పోదామని నువ్వు పిలిస్తే పని ఉందన్నానే, ఏ పనీ లేదు.

మామ: ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా.

కోడలు: ఎట్టా చెప్పేది? మోసినవాడికి కృతజ్ఞత చెప్పాలి కదా. ఇంకో సంగతి. నాకు కాళ్లు పోయాక రాయవేలూరు ఆసుపత్రిలో ఉంచారు గుర్తుందా? కుర్చీలోంచి మంచం మీదికి, మంచం మీంచి కుర్చీలోకి ఎవరి చెయ్యీ తగలకుండా మారడం అక్కడే నేర్పారు. ఆ పునరావాస విభాగం పెట్టింది మేరీ వర్గీస్ అనే డాక్టరమ్మ. 1954లో కారు ప్రమాదంలో నడుము కింద పోయింది ఆమెకి. చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసింది. 1966లో మా లాంటివాళ్ల కోసం ఆ సంస్థ తెరిపించింది. నేర్పింది ఎందుకు? మళ్లీ ఎవరో ఎత్తుకోవడానికా?

మామ: మంచిదే. కానీ నువ్వు నా మాటకి జవాబు చెప్పలేదు. లిఫ్టు ఆగిపోతే?

కోడలు: ఆగిపోతే ఆగిపోతాను. తర్వాతి స్టేషన్‌లో దిగి ట్రాము పట్టుకుంటాను. ఒక్కోసారి ఏ దారీ ఉండదు. గంటసేపు చలిలో కూర్చోవాల్సి వస్తుంది. ఆ గంట నాకు ఒప్పే.

(ఆ గంట విషయంలో కోడలు కొంచెం తేలిగ్గా మాట్లాడిందని నాకనిపిస్తుంది. తెలియని ఊళ్లో, భాష రాక, చీకటి పడుతుంటే ఆ గంట చిన్నది కాదు. మామ అన్నదాంట్లో నిజముంది. కానీ ఆయన పెంచలకోన పేరెత్తి వాదన గెలిచాననుకున్నాడు, ఆ పేరుతోనే ఓడాడు.)

మామ: సరే, మోసేది వదిలెయ్. ఇది చెప్పు. ప్రభుత్వం 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను 6 వేలు చేసింది. కుర్చీకే అతుక్కుపోయినవాళ్లకి 15 వేలు. ఆ డబ్బు మీద బతికేవాళ్లు మన మండలంలో ఎందరుండారు? నువ్వు ఉద్యోగస్తురాలివి కాబట్టి వీసాకి 90 యూరోలు, ఇన్సూరెన్సు, విమానం అంటుండావు. ఆ డబ్బులో సగం పెట్టి మన బస్టాండులో రాంపు కట్టిస్తే పదిమందికి పనికొస్తది గదా.

కోడలు: బస్టాండులో రాంపు నా జీతంతో కట్టాలా? కాళ్లున్నవాళ్లు ఊటీ పోతే బస్టాండుకి మెట్లు కట్టించి పొమ్మని నువ్వు అడుగుతావా? 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ లేదు. నేనూ ఆడదాన్నే. ఆ పథకం నాకు ఎన్నిసార్లు పనికొచ్చింది? టికెట్ తీసేశారు, మెట్టు తీయలేదు. లండన్‌లోనూ చక్రాల కుర్చీ వాళ్లకి బస్సు ఉచితమే, అయితే తలుపు దగ్గర రాంపు దిగుతుంది.

మామ: రాంపు దిగుద్ది సరే. లోపల ఆ జాగాలో ఇంకెవరో కూర్చోనుంటే? నేనెన్ని బస్సుల్లో చూశా, దివ్యాంగుల సీటని పెయింటేసుంటది. దాంట్లో దుక్కలాంటి మనిషి నిద్ర పోతుంటాడు. లేపితే నా మీదికొస్తాడు.

కోడలు: అచ్చం అదే కేసు బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా పోయింది. 2012లో డగ్ పాలీ అనే ఆయన లీడ్స్ పోయే బస్సెక్కబోతే, వీల్‌చైర్ జాగాలో ఒకామె పసిబిడ్డ బండి పెట్టుకుని ఉంది. జరగమంటే జరగనంది. డ్రైవరు ఒకసారి అడిగి ఊరుకున్నాడు. ఆయన కోర్టుకి పోయాడు. 2017 జనవరిలో తీర్పొచ్చింది. ఊరికే ఒకసారి అడిగి వదిలేస్తే చాలదు, గట్టిగా చెప్పాలి, అవసరమైతే బస్సు కాసేపు ఆపాలి అన్నారు. దింపెయ్యమని మాత్రం అనలేదు.

మామ: దింపెయ్యలేదా? అయితే ఆ డ్రైవరు పాట్లు డ్రైవరివే. (కండక్టరుగా ఆయనకిది నచ్చింది. రెండుసార్లు చెప్పించుకున్నాడు.) ఆ బస్సులకి రాంపులు మాత్రం వాళ్లంతట వాళ్లే పెట్టారా?

కోడలు: లేదు. 1990లలో చక్రాల కుర్చీల వాళ్లు లండన్ రోడ్ల మీద బస్సులకి తమని తాము బేడీలేసుకుని కట్టేసుకున్నారు. ట్రాఫిక్ ఆగిపోయేది. 1995లో చట్టమొచ్చింది.

మామ: చూశావా! అదీ నేననేది. వాళ్లు వేరే ఊరికి విమానమెక్కి పోలేదు. సొంత ఊరి బస్సుకి కట్టేసుకున్నారు. నువ్వేమో వాళ్లు కొట్లాడి తెచ్చుకున్న రాంపు మీద నాలుగు రోజులు ఎక్కి దిగొస్తావు. మన దగ్గర చట్టం లేదా? 2016లోది ఉండాది గదా, పేపర్లో చదివా. ఎవరు అడిగారు? నువ్వడిగావా?

కోడలు: అడిగాను. ఒక ఆఫీసులో అర్జీ ఇచ్చాను. రాంపు కట్టారు. ఆ రాంపు మీద నేను కుర్చీ ఎక్కిస్తే వెనక్కి పల్టీ కొడుతుంది, అంత నిలువు. ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవుండాలని మన దేశం రాసుకున్న లెక్కే. వాళ్లు మూడడుగుల్లో తేల్చేశారు. చట్టం కింద వచ్చిన నియమాలు ఇట్టా కేవలం సలహాల్లాగా ఉంటే కుదరదని, తప్పనిసరి ప్రమాణాలు మూడు నెలల్లో చేయమని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పుకి దేశమంతా తిరిగి నివేదిక రాసిచ్చింది మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ వాళ్లే.

మామ: మరి ఇక్కడే ఉండి ఆ మూడడుగుల రాంపు పగలగొట్టించు.

(ఈ చోట నా ఓటు మామకే. ప్రయాణం చేసే హక్కు ఆమెది, దానికి ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదు. కానీ బేడీల సంగతి తెలిసీ, వాటి ఫలం మాత్రం టికెట్ కొని అనుభవించడంలో ఒక ముల్లుంది. కోడలికీ అది గుచ్చుకుంది. అందుకే మాట మార్చింది.)

కోడలు: నువ్వు ఉదయగిరి దుర్గం ఎక్కావు కదా?

మామ: ఎక్కా, మోకాళ్లు బాగున్నప్పుడు.

కోడలు: నేను కింద నుంచి చూశాను. ఏథెన్స్‌లో అక్రోపొలిస్ కూడా అట్టాంటి కొండే. రెండున్నర వేల ఏళ్ల నాటి గుడి పైన. 2020 డిసెంబరులో కొండ పక్కన ఏటవాలు లిఫ్టు పెట్టారు, పైన చక్రాలు పోయేట్టు కాంక్రీటు బాట వేశారు.

మామ: పాత రాళ్ల మీద కాంక్రీటా? తప్పు గదా?

కోడలు: అక్కడి పురావస్తు పండితులు కొందరు అదే అన్నారు. పెద్ద గొడవైంది. ఇంకా నడుస్తోంది. నాకూ పూర్తిగా తేలలేదు. కానీ గొడవ పడటానికైనా ముందు లిఫ్టు ఒకటుండాలి. ఉదయగిరి గురించి అట్టాంటి గొడవ పడే భాగ్యం మనకెప్పుడొస్తుందో.

మామ: ఆ కొండకి లిఫ్టు పెట్టేసరికి నీ మనవరాళ్లు ముసలోళ్లవుతారు.

కోడలు: శ్రీకృష్ణదేవరాయలంతటివాడికే ఆ కోట పట్టడానికి ఏడాదిన్నర ముట్టడి పట్టింది, 1514 దాకా. నాకు ఓపికుంది. ఈలోపు వియన్నా చూసొస్తాను.

మామ: ఒంటరిగానా?

కోడలు: ముందు ఒంటరిగా పోదామనే అనుకున్నాను. కానీ విమానం వాళ్లకి భద్రత పేరుతో తోడు ఉండాలని పట్టుబట్టే వీలుంది. మ్యూజియాల్లో కూడా చాలా చోట్ల తోడుకి టికెట్ ఉండదు. యూరప్ వాళ్లు 2024లో తమ దేశాలన్నిటికీ ఒకే వికలాంగుల కార్డు పెట్టాలని చట్టం చేశారు, 2028 నుంచి అమలు. అది అక్కడ నివాసముండేవాళ్లకే. మన దేశం ఇచ్చిన నా వికలాంగుల గుర్తింపు కార్డుని, అదే యూడీఐడీని, ఎక్కడ ఒప్పుకుంటారో, ఎక్కడ ఒప్పుకోరో ఒక్కో చోటుకీ మెయిల్ రాసి అడుగుతున్నాను. హోటల్ వాళ్లని బాత్‌రూము తలుపుకి టేపు పెట్టి ఫోటో తీసి పంపమన్నాను. నా కుర్చీ వెడల్పు 62 సెంటీమీటర్లు. ‘ఉంది, విశాలంగా ఉంది’ అని జవాబిచ్చినవాళ్లని కొట్టేశాను. ఒకాయన 71 సెంటీమీటర్లు కనబడేట్టు టేపు ఫోటో పంపాడు. ఆ గదే ఖాయం.

మామ: అది సరైన మనిషి. (నిదానంగా) తోడు నేనొస్తే?

కోడలు: నువ్వొస్తే మోస్తావు.

మామ: మొయ్యను. నడుం లేదు నాకు మొయ్యడానికి.

కోడలు: మెట్టు కనబడగానే ‘ఎవరన్నా రండయ్యా’ అని కేకేస్తావు.

మామ: తెలుగులో కేకేస్తే ఎవరొస్తారక్కడ? నేను వీసాకి ఎప్పుడు పెట్టుకోవాలి?

కోడలు: ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, పదిహేను రోజుల ముందుకి ఆపేస్తారు. బ్యాంకు స్టేట్‌మెంటు, పింఛను కాగితం, 30 వేల యూరోల ఇన్సూరెన్సు. సెప్టెంబరు అనుకుంటున్నాను. నీ ఖర్చు నీదే. నీకు వేరే గది.

మామ: నా ఖర్చు నేనే పెట్టుకుంటా. నువ్వొద్దన్నావని కాదు గానీ, ఆ ట్రాముల్లో కండక్టరు ఉంటాడా?

కోడలు: ఉండడు. స్టేషన్‌లో గేట్లు కూడా ఉండవు. టికెట్ నువ్వే కొనుక్కుని మెషీన్లో ముద్ర వేసుకోవాలి. ఎప్పుడో మామూలు బట్టల్లో చెకింగ్ వాళ్లు వస్తారు. దొరికితే వంద యూరోల పైనే జరిమానా.

మామ: గేటు లేదు, కండక్టరు లేడు! మరి ఎంతమంది టికెట్ లేకుండా ఎక్కుతుండారో లెక్క కూడా రాసిపెట్టారా, ఆ లోపాలు రాసిపెట్టే ఊళ్లో?